విజ్ఞాన సర్వస్వం - తటస్థత - మన బాధ్యత

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకసారి ఒక పని అప్పగించాను. మీ వూరి చరిత్ర రెండు పేజీలకు మించకుండా రాసుకు రమ్మన్నాను. ఇంట్లో అవ్వాతాతల్ని అడుగుతారని, చెరువు ఎవరు తవ్వించారో, దళితవాడకు బాట ఎప్పుడు పడిందో నాలుగు ముక్కలు తెలుసుకుంటారని నా వుద్దేశం. ఒక పిల్లవాడు ఆ శ్రమ పడలేదు. తెలుగు వికీపీడియాలో మా పల్లె పేరిట వున్న పేజీని అచ్చు తీయించి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. కోప్పడబోయి, ముందు చదివాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇళ్ళు ఎన్ని, ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, షెడ్యూల్డు కులాలవారెందరు, బంజరు ఎన్ని హెక్టార్లు, బావుల కింద సాగు ఎంత - అన్నీ వున్నాయి. "సార్, మనూరి గురించి ఇంతేనా ఉండాది?" అని అడిగాడు వాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ పేజీలో జనాభా వుంది, జనం లేరు. షెడ్యూల్డు కులాలవారి సంఖ్య వుంది; వాళ్ళు ఏ బావిలో నీళ్ళు తోడుకోనివ్వక ఎన్నేళ్ళు ఎదురుచూశారో లేదు. అయితే అదే పేజీ పైన 'సవరించు' అనే మాట కూడా వుంది. ఎవరైనా రాయవచ్చునన్నమాట. అట్లాంటప్పుడు ఆ లోటుకు బాధ్యులెవరు? ఎం.ఏ. తెలుగు చదివి, ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతూ, తిరుపతిలోనూ చిత్తూరులోనూ జరిగే సభల్లో ప్రజల చరిత్ర రాయాలని వుపన్యాసాలిస్తూ వచ్చిన నాబోటివాళ్ళు కాదా?

ఆ సిగ్గుతోనే అందులో రాయడం నేర్చుకున్నాను. నేర్చుకునే క్రమంలో నాకు ఎదురైన ప్రశ్నలు యంత్రానికి సంబంధించినవి కావు. రచయితకు దృక్పథం వుండాలా, ఏది ప్రమాణం, ఎవరి మాట చరిత్ర అవుతుంది - మనం చాలాకాలంగా చర్చించుకుంటున్న ప్రశ్నలే అవి. అందువల్ల వాటిని మిత్రుల ముందు పెట్టడం అవసరమనిపించింది.

1. పాత కోరిక, కొత్త సాధనం

తెలుగులో విజ్ఞాన సర్వస్వం అనే వూహ నిన్నటిది కాదు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనకు మూలపురుషుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. పని ఇంకా అక్షరమాల తొలి అక్షరాల దగ్గర వుండగానే 1923లో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దాన్ని మళ్ళీ చేపట్టారు. 1938లో ఆయనా వెళ్ళిపోయారు. స్వాతంత్ర్యం తర్వాత తెలుగు భాషా సమితి అకారాది క్రమాన్ని వదిలి, విషయాల వారీగా సంపుటాలు ప్రకటించింది. ఈ ప్రయత్నాలన్నీ గౌరవించదగినవే. కాని వాటన్నిటికీ ఒక పరిమితి వుంది. అవి కొద్దిమంది పెద్దల ఆయుర్దాయం మీద, దాతల ధనం మీద ఆధారపడ్డాయి. అచ్చయిన తప్పు అచ్చయినట్టే వుండిపోయేది. పల్లెటూరి బడి గ్రంథాలయానికి ఆ సంపుటాలు చేరడమే అరుదు.

2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైన వికీపీడియా ఈ పరిమితిని మరోవైపు నుంచి దాటింది. పండితుల సంఘం రాసి పాఠకులకు ఇవ్వడానికి బదులు, పాఠకులే రాసి ఒకరినొకరు దిద్దుకోవడం దాని పద్ధతి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలయింది. కంప్యూటర్లలో మన లిపి ఇంకా కుదురుకోని రోజుల్లో దీనికి నాంది పలికినవారు వెన్న నాగార్జున. 2015 ఫిబ్రవరిలో దాని పదకొండో వార్షికోత్సవాలు మన తిరుపతిలోనే జరిగాయి. అప్పుడు నాకు ఆ సంగతి పట్టలేదు. ఇప్పుడు అందులో వ్యాసాల సంఖ్య లక్ష దాటింది.

సంఖ్య చూసి మురిసిపోవలసిన పనిలేదు. ఆ లక్షలో చాలా వాటిని అక్కడివాళ్ళే 'మొలకలు' అంటారు. అంటే నాలుగు వాక్యాలతో తలెత్తి, నీళ్ళకోసం చూస్తున్న వ్యాసాలు. మా పల్లె పేజీ మొలక కాకపోయినా, లెక్కలు తప్ప మరేమీ లేని మోడు.

2. పేజీ వెనుక పేజీలు

కొత్తగా చేరినవాడు మొదట అర్థం చేసుకోవలసింది ఏమంటే, పాఠకుడికి కనబడే వ్యాసం వెనుక మరో రెండు పేజీలున్నాయి. ఒకటి 'చర్చ'. వ్యాసంలో ఏది వుండాలి, ఏది వుండకూడదు అనే వాదాలు అక్కడ జరుగుతాయి. రెండోది 'చరిత్ర'. మొదటి అక్షరం పడిన నాటినుంచి ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఏ మాట చేర్చారో, ఏ మాట తీశారో అక్కడ నమోదై వుంటుంది. పాత ప్రతులన్నీ భద్రంగా వుంటాయి. ఎవరైనా చెడగొడితే పాత ప్రతిని ఒక్క నొక్కుతో తిరిగి నిలబెట్టవచ్చు.

పాఠ పరిష్కరణ చదువుకున్నవాళ్ళకు ఇది ఎంత విశేషమో వేరే చెప్పనక్కరలేదు. తాళపత్రాల్లో పాఠాంతరాలు చూసి, ఇది కవి మాటా లేఖకుడి దోషమా అని తల పట్టుకున్నవాళ్ళం మనం. ఇక్కడ ప్రతి పాఠాంతరానికీ లేఖకుడి పేరూ తేదీ వున్నాయి. ఎందుకు మార్చాడో ఒక వాక్యంలో చెప్పే 'దిద్దుబాటు సారాంశం' కూడా వుంటుంది. ఆ సారాంశం రాయకుండా మార్పు చేయడం, తరగతిలో ఏమీ చెప్పకుండా పిల్లవాడి పలక తుడిచేయడం వంటిది.

చేయి తిరిగేదాకా రాసుకోవడానికి ప్రతి సభ్యుడికీ 'ప్రయోగశాల' అనే సొంత పేజీ వుంటుంది. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకునే చోటును 'రచ్చబండ' అన్నారు. ఆ పేరు పెట్టినవారికి పల్లె తెలుసు. 'నిర్వాహకులు' అనేవాళ్ళున్నారు గాని వాళ్ళు సంపాదకులు కారు. తోటి సభ్యులు ఎన్నుకున్నవాళ్ళు. పేజీని తొలగించే తాళంచెవి వాళ్ళ దగ్గర వుంటుంది. కాని ఒక విషయంలో ఏది నిజమో తీర్పు చెప్పే అధికారం వాళ్ళకు లేదు. ఆ తీర్పు ఆధారానిది.

3. నా మూడు పొరపాట్లు

మొదటి పొరపాటు విశేషణాలతో చేశాను. మధురాంతకం రాజారాం గారి గురించిన వ్యాసంలో ఒక పేరా చేర్చాను. దామలచెరువులో వుంటూ, నాలాగే బడిపంతులుగా బతికిన రచయిత ఆయన. అభిమానం కొద్దీ 'కథాకాశంలో ధ్రువతార' వంటి మాటలు పడ్డాయి. మర్నాటికి అవి లేవు. వర్ణన తీసేశామని, సమాచారం వుంటే ఆధారంతో చేర్చమని సారాంశంలో వుంది. కోపం వచ్చింది. నాలుగు రోజుల తర్వాత చల్లబడి ఆలోచించాను. ధ్రువతార అన్నందువల్ల ఆయన గురించి పాఠకుడికి ఏం తెలిసింది? 1993లో ఆయన కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందనడం సమాచారం. ఏ కథ ఏ పత్రికలో ఏ సంవత్సరం వచ్చిందో చెప్పడం సమాచారం. ఫలానా విమర్శకుడు ఆయన కథల్ని ఇలా అంచనా వేశాడు అని పుస్తకం పేరుతో, పుటసంఖ్యతో చెప్పడం కూడా సమాచారమే. మన సాహిత్య విమర్శలో ఎంత భాగం ధ్రువతారలతో నిండివుందో నాకు ఆనాడు తెలిసింది.

రెండో పొరపాటు నా సొంత సరుకుతో చేశాను. ఎన్నడో ఒక ప్రత్యేక సంచికకు రాసిన వ్యాసాన్ని యథాతథంగా తెచ్చి అక్కడ పెట్టాను. కాపీహక్కుల వుల్లంఘన అని తీసేశారు. 'రాసినవాణ్ణి నేనే' అని చర్చా పేజీలో వాదించాను. ఆ పేరుతో రాస్తున్నది మీరేనని మాకెలా తెలుస్తుందని ప్రశ్న. సబబైన ప్రశ్నే. అక్కడ పెట్టిన రచనను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. రాసినవాళ్ళ పేర్లు చెప్పాలి, అదే స్వేచ్ఛను ఇతరులకూ ఇవ్వాలి - ఇదీ ఒప్పందం. ఇంతకు ముందే అచ్చయిన రచనను ఆ ఒప్పందం కిందికి తేవాలంటే హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. నా వ్యాసం విమర్శ. అక్కడ కావలసింది వివరణ. ఒకటి మరొకదానికి బదులు కాదు.

మూడో పొరపాటు మరీ విచిత్రమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత చిత్తూరు జిల్లా మూడు ముక్కలయింది. శ్రీకాళహస్తి, పాకాల వంటివి కొత్త తిరుపతి జిల్లాలో చేరాయి. నెల్లూరు జిల్లానుంచి గూడూరు, సూళ్ళూరుపేట వచ్చి కలిశాయి. మదనపల్లె ఆనాడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. వేలాది పేజీల్లో పేర్లు మార్చవలసి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. మిగిలిపోయిన వాటిని నేను దిద్దుతానని పూనుకుని, కనబడ్డచోటల్లా 'చిత్తూరు'ను 'తిరుపతి' చేసుకుంటూ పోయాను. రచయితల పేజీల్లోనూ అదే పని చేశాను. 1999లో మరణించిన మనిషిని 2022లో పుట్టిన జిల్లాలో బతికించాను! మరొక సభ్యుడు ఓపికగా విడమరచి చెప్పాడు: ఆయన బతికినది చిత్తూరు జిల్లాలో, ఆ వూరు ఇప్పుడు వున్నది తిరుపతి జిల్లాలో, రెండూ రాయండి. అట్లా చూస్తే 1911కు ముందు చిత్తూరు జిల్లాయే లేదు. ఈ నేలలో చాలాభాగం వుత్తర ఆర్కాటు. వాస్తవానికి తేదీ వుంటుందని, తేదీ లేని వాస్తవం సగం అబద్ధమని నేను ఆ పనిలోనే నేర్చుకున్నాను.

4. చెనిక్కాయకు దారి

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. విజ్ఞాన సర్వస్వానికి ఒక ప్రమాణ భాష వుండక తప్పదు. అయితే ఆ ప్రమాణంలో మన నోటిమాటకు చోటుందా? అక్కడ వ్యాసం 'వేరుశనగ' పేరిట వుంటుంది. మా పిల్లలు వెతికేది 'చెనిక్కాయ' అని. అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో 'బుడ్డలు' అంటారు. తెలంగాణలో 'పల్లీలు'. ప్రమాణ భాష పేరుతో పల్లె పిల్లవాడిని వాకిట్లోనే నిలబెట్టే పద్ధతి మన పాఠ్యపుస్తకాలకు అలవాటే.

దీనికి అక్కడ 'దారిమార్పు' అనే చిన్న వుపాయం వుంది. 'చెనిక్కాయ' అనే పేరుతో ఒక ఖాళీ పేజీ సృష్టించి, దాన్ని 'వేరుశనగ'కు మళ్ళించవచ్చు. పిల్లవాడు తన మాటతో తలుపు తట్టినా లోపలికే పోతాడు. వ్యాసంలో ఈ ప్రాంతీయ నామాలన్నీ సమాన గౌరవంతో చేర్చవచ్చు. కొత్త సభ్యుడు మొదటిరోజే చేయగల పని ఇది. సీమ మాండలికంలో కథలు రాసి మెప్పు పొందాం. పంట పేర్లకు, పనిముట్ల పేర్లకు, వంటల పేర్లకు దారి వేయడం మరిచాం.

5. తటస్థతా, నిబద్ధతా?

మన మిత్రుల్లో చాలామంది అభ్యంతరం ఇక్కడే. "తటస్థ దృక్కోణంతో రాయాలంటే పీడకుడికీ పీడితుడికీ మధ్య కూర్చోవడం కాదా? అది అభ్యుదయ రచయిత చేయవలసిన పనేనా?" నాకూ మొదట ఇదే సందేహం కలిగింది. ఒక వుదాహరణతో దీన్ని పరిశీలించాలి.

మన ప్రాంతంలో అధిక భాగాన్ని ఒకప్పుడు 'దత్తమండలాలు' అన్నారు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన నేల కనుక ఆ పేరు. ఇచ్చినవాడు నిజాం, పుచ్చుకున్నది కంపెనీ. ఆ నేలమీద బతికేవాళ్ళను అడిగినవాళ్ళెవరూ లేరు. కనుక ఆ మాటలోనే ఒక పక్షం వుంది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో 'రాయలసీమ' అనే పేరు వచ్చింది. ఆ పేరు పెట్టినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని చాలాకాలం చెప్పుకున్నారు. చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారని ఆనాటి సభ వివరాలు చూపేవాళ్ళున్నారు. తటస్థంగా రాయడం అంటే ఈ గొడవ ఎందుకని రెండు మాటలూ మింగేయడం కాదు. 'దత్త' అన్నది ఎవరి మాటో, ఎప్పటి మాటో, ఎవరు ఎందుకు కాదన్నారో చెప్పడం. పేరు విషయంలో రెండు వాదాలూ చెప్పి, ఏ వాదానికి ఏ కాలపు ఆధారం వుందో చూపడం. అప్పుడు పాఠకుడు తానే తూచుకుంటాడు.

కాబట్టి తటస్థత అంటే దృక్పథం లేకపోవడం కాదు. ఎవరి దృక్పథమో దాచకపోవడం. పాలకుల భాష ఎప్పుడూ తనకు దృక్పథం లేనట్టే నటిస్తుంది. దాని యజమాని పేరు బయట పెట్టమనే నియమం మనకు శత్రువు ఎలా అవుతుంది? అయితే ఇదే నియమం మనకూ వర్తిస్తుంది. మన నినాదాన్ని కూడా మన పేరుతోనే రాయాలి, లోకవాక్యంగా రాయకూడదు. నిబద్ధతను కథలో, కవితలో, విమర్శలో చూపుదాం. ఏ విషయం మీద వ్యాసం రాయడానికి పూనుకుంటామో, ఎవరిని చరిత్రలోకి తేవడానికి రాత్రిళ్ళు మేలుకుంటామో, ఆ ఎంపికలో కూడా చూపుదాం.

6. అచ్చుకెక్కని పాండిత్యం

ఇంతవరకు నియమాల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు వాటివల్ల తగిలిన దెబ్బ చెప్పాలి.

చిత్తూరు పల్లెల్లో ధర్మరాజు గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సుమాను ఎక్కుతాడు. మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ దగ్గర యుద్ధం ముగుస్తుంది. చివర అగ్నిగుండం తొక్కుతారు. తమిళమూ తెలుగూ కలిసి పారే ఈ సరిహద్దు నేలలో ఇది వూరంతటికీ బడి. ఈ వీధినాటకాల్లో వేషం కట్టి, మరెందరికో నేర్పిన ఒక వృద్ధుడు మా దాపున వుండేవాడు. పగలు కూలి, రాత్రి ధర్మరాజు. ఆయన చనిపోయాక ఆయనమీద వ్యాసం రాశాను. తొలగింపు చర్చకు పెట్టారు. 'విషయ ప్రాముఖ్యతను చూపే స్వతంత్రమైన ఆధారాలు ఏవి?' అని అడిగారు. నా దగ్గర వున్నవి నాలుగు కరపత్రాలు, ఆయన శిష్యుల మాటలు. అవి చాలవన్నారు. వ్యాసం పోయింది.

ఆ రోజు ఇక రాయకూడదనుకున్నాను. కాని ఆ మనిషిని లోకానికి కనబడకుండా చేసింది ఈ నియమం ఒక్కటేనా? ఆయన బతికివున్నన్నాళ్ళూ ఒక్క పత్రికా ఒక్క పేరా ఆయనమీద రాయలేదు. నాయకుల పర్యటనలు రాసింది. ఆయన వేషం రాయలేదు. మనం మాత్రం రాశామా? ఆయన ఆటను తెల్లవారేదాకా చూసి, ఇంటికొచ్చి ఎవరో నగర కవి మీద వ్యాసం రాసుకున్నాను. విజ్ఞాన సర్వస్వం అచ్చు ప్రపంచానికి అద్దం. అచ్చులో లేని ముఖం అద్దంలో కనబడదు.

అయితే తప్పంతా ముఖానిదే, అద్దానిది ఏమీ లేదనడం కూడా సరికాదు. నోటిమాటను ప్రమాణంగా తీసుకోవడం ఎలా అని 2011లో అచల్ ప్రభల, ఆయన సహచరులు మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో ఒక ప్రయత్నం చేశారు. పల్లె ఆటల గురించి, పూజల గురించి, వంటల గురించి తెలిసినవాళ్ళ మాటల్ని రికార్డు చేసి, వాటినే ఆధారంగా చూపారు. అది స్థిరపడిన నియమం కాలేదు. కాని ప్రశ్న అక్కడే నిలిచి వుంది. రాతకన్నా నోటిలోనే ఎక్కువ విద్య దాచుకున్న జాతులకు, రాత ఒక్కటే ప్రమాణమనే కొలబద్ద ఎంతవరకు న్యాయం? అబద్ధాన్ని ఆపడానికి పెట్టిన కంచె, ఆస్తిలేనివాడి నిజాన్ని కూడా బయటే ఆపుతున్నది. కంచె తీసేయమనడం లేదు. అందులో ఒక కడప పెట్టమంటున్నాను.

ఈలోగా నేను చేసింది ఇదీ: ఆ వృద్ధుడి శిష్యుల్ని కూర్చోబెట్టి వాళ్ళ మాటలు రికార్డు చేశాను. వాటి ఆధారంగా ఒక జిల్లా పత్రికలో వ్యాసం ప్రచురించాను. విజ్ఞాన సర్వస్వంలో నా వ్యాసాన్ని నేనే ఆధారంగా చూపడం మర్యాద కాదు. రేపు మరొకరు చూపుతారు.

7. చాకిరీ ఎవరిది, ఫలం ఎవరిది?

మరొక ప్రశ్న కూడా దాటవేయరాదు. ఇదంతా కూలిలేని పని. నడిపే వికీమీడియా ఫౌండేషన్ లాభాపేక్ష లేని సంస్థే, ప్రకటనలు వేయదు, చందాలమీద నడుస్తుంది. కాని అక్కడి రచనను ఎవరైనా వాడుకోవచ్చుననే ఒప్పందంవల్ల, పెద్ద వ్యాపార సంస్థలు కూడా ఆ రాశినుంచి తట్టలు నింపుకుంటున్నాయి. మాటకు మాట జవాబిచ్చే కృత్రిమ మేధ యంత్రాలు ఇలాంటి రాతలు తినే పెరిగాయి. మన చాకిరీతో వాళ్ళ గాదెలు నింపడం దేనికని అడిగేవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైనది. కాని మనం రాయకపోతే ఆ యంత్రాలు తెలుగు మాట్లాడడం మానవు. మనకు తెలియని మన గురించి మాట్లాడతాయి. చెరువు నీళ్ళు పెద్ద రైతు ఎక్కువ తోడుకుంటున్నాడని చెరువు పూడ్చుకోము. పంపకం గురించి పోరాడతాము.

8. చేయవలసింది

అందువల్ల మన శాఖల మిత్రులకు నా సూచనలు కొన్ని. మన ఇళ్ళల్లో, అలమరల్లో పాత పత్రికలున్నాయి. ఆధారం అంతర్జాలంలోనే వుండాలన్న నియమం లేదు. పత్రిక పేరు, సంచిక తేదీ, పుటసంఖ్య ఇస్తే చాలు. చెదలు పట్టకముందే వాటిని తిరగేసి, మన జిల్లా రచయితల వ్యాసాలకు ఆధారాలు చేర్చాలి. మొదటిరోజే పెద్ద వ్యాసానికి పూనుకోకుండా ఒక అచ్చుతప్పు దిద్దడంతో, ఒక దారిమార్పు వేయడంతో మొదలుపెట్టాలి. మన రాత చెరిపినవాడిని వెంటనే శత్రువు అనుకోకుండా చర్చా పేజీలో అడగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంతవరకు ఎవరూ రాయనివాళ్ళ గురించి మన పత్రికల్లో రాయాలి. మన చిన్న పత్రికలో వచ్చిన రెండు పుటలే రేపు ఒక మనిషి చరిత్రలో నిలవడానికి ఏకైక ఆధారం కావచ్చు.

ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇప్పుడు పై తరగతికి వెళ్ళాడు. మా పల్లె పేజీలో ఇప్పుడు చెరువు గురించి ఒక పేరా వుంది. పాత ప్రభుత్వ ప్రచురణ ఆధారంతో రాసింది. ధర్మరాజు గుడి దగ్గర జరిగే భారతం గురించి మూడు వాక్యాలున్నాయి. ఒక పుస్తకం ఆధారంతో రాసినవి. వాటిలో ఒక వాక్యం వాడిదే. బావి సంగతి ఇంకా లేదు. ఆ సంగతి తెలిసిన ఆడవాళ్ళు ఇద్దరు బతికే వున్నారు. వచ్చే సెలవుల్లో వాళ్ళ దగ్గర కూర్చోవాలి.